సెర్రో అంటే మా గుట్టే

నాకు స్పానిష్‌లో వచ్చిన మొదటి మాట ‘సెర్రో’. పలకరింపుల కంటే, థాంక్యూల కంటే ముందు అదే వచ్చింది. న్యూజిలాండ్‌లోని మనురేవాలో నేను పనిచేసే లాండ్రీకి తెల్లవారగానే ట్రక్కులు వచ్చి హోటళ్ల దుప్పట్లు, వృద్ధాశ్రమాల తువ్వాళ్లు, ఎవరెవరివో దిండు గలీబులు నేల మీద కుమ్మరించి పోయేవి. ఆ పోగు నా తలకు మించి లేచేది. ఇస్త్రీ యంత్రం దగ్గర నాకు జోడీగా నిలబడే చిలీ ఆవిడ దాని ముందుకు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, ‘సెర్రో’ అనేది. మొదట్లో అదేదో తిట్టు అనుకున్నాను. తిట్టే అయినా నాకేం అభ్యంతరం లేదు. ఆ పోగును చూస్తే నాకూ తిట్టాలనే ఉండేది.

ఒకరోజు అర్థం అడిగాను. చేత్తో గాల్లో ఒక వంపు గీసి చూపించింది. ఊరి బయట ఉంటుంది, పర్వతమంత పెద్దది కాదు, ఒంటరిగా నిలబడి ఉంటుంది, అదీ సెర్రో. మరి బట్టలకు ఆ మాటెందుకు అంటే, ఏవైనా విపరీతంగా పేరుకుపోతే వాళ్ల భాషలో సెర్రో అనే అంటారట. నాకు నవ్వొచ్చింది. మా కరీంనగర్ వైపు ఊరి బయట నిలబడేదీ గుట్టే, ఉతకని బట్టలు పేరుకుపోయినా గుట్టే అని చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసుకుంది. అప్పటి నుంచి పొద్దున్నే తను ‘గుట్ట’ అనేది, నేను ‘సెర్రో’ అనేదాన్ని. ఆమె తెలుగు, నా స్పానిష్ రెండూ చాలాకాలం అక్కడే ఆగిపోయాయి.

మా పని గురించి కూడా చెప్పాలి. ఉతికిన దుప్పటిని ఇస్త్రీ యంత్రంలోకి ఇద్దరు కలిసి ఎక్కించాలి. ఆ చివర ఆమె, ఈ చివర నేను, మూలలు పట్టుకుని ఒకేసారి లాగి ఒకేసారి వదలాలి. ఒకరు తొందరపడితే దుప్పటి వంకరగా పోయి రోలర్ల మధ్య ముడుచుకుపోతుంది. యంత్రం ఆపి పీక్కోవాలి. నాకు ముక్కు మీద కోపం, చేతుల్లోనూ అదే తొందర. మొదటి నెలల్లో నేను చెడగొట్టిన దుప్పట్లు ఇన్నీ అన్నీ కావు. ఆవిడ కసురుకునేది కాదు. ‘ఎదుటి చెయ్యి సిద్ధమైందో లేదో చూడు, ఈహా’ అనేది. ఈహా అంటే కూతురా అని. నేను ఆమెను మర్యాదగా సెన్యోరా, అంటే అమ్మగారూ, అనేదాన్ని. నేను బిజినెస్ డిప్లొమా చదవడానికి స్టూడెంట్ వీసా మీద వచ్చి చివరికి దుప్పట్ల దగ్గర తేలాను. ఆమె నాకంటే చిన్న వయసులోనే దేశం విడిచి వచ్చింది. ఎందుకు వచ్చిందో పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

సెర్రో గురించి మాత్రం ఎంతైనా చెప్పేది. ఆమె పుట్టింది పట్నం అంచున ఒక సెర్రో మీద, రేకుల ఇంట్లో. నీళ్లు కింద నుంచి మోసుకుపోవాలి. ఆ పట్నంలో ఎవరికైనా మర్యాద తెలియకపోతే, నలుగురిలో ఎలా తినాలో రాకపోతే, ‘ఇప్పుడే సెర్రో దిగొచ్చింది’ అని వెక్కిరిస్తారట. ఆమె చిన్నతనంలో పనికి కుదిరిన బట్టల కొట్లో యజమానురాలు గిరాకీల ముందు ఆ మాటే అంది. దానికి తానిచ్చిన జవాబు నాకు ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పింది.

“అవునమ్మా, దిగే వచ్చాను. సాయంత్రం మళ్లీ ఎక్కుతాను. మీరు సగం దాకా ఎక్కి చూపించండి.”

ఉద్యోగం ఆ పూటే పోయింది. ఈ సంగతి చెబుతూ ఆమె చేతిలోని సాండ్‌విచ్ పక్కన పెట్టి మరీ నవ్వింది. నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది అప్పుడే.

ఇంకో వాడుక కూడా ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ అసలు విషయం వదిలేసి ఎటో పోయేవాళ్లను ‘ఉబేదా అనే ఊరి సెర్రోల్లోకి పోయారు’ అంటారట. ఆ లెక్కన నేనూ ఇప్పుడు అక్కడే తిరుగుతున్నాను. వెనక్కి వస్తాను గానీ, ఒక్క అర్థం చెప్పకుండా రాలేను. లైబ్రరీలో పెద్ద స్పానిష్ నిఘంటువు తీయించి సెన్యోరా చేత చదివించుకున్నాను. సెర్రో అంటే పశువు మెడ కూడానట, వెన్నెముక కూడానట. ఎంత బరువు మోసినా విరగనిది అని నిఘంటువు రాయలేదు. అది నేను కలుపుకున్నాను.

మన తెలుగులో ఈ గౌరవమంతా కొండకే పోయింది. కొండంత అండ, కొండంత ఆశ. ధరలు కూడా కొండే ఎక్కుతాయి. మా వైపు దేవుళ్లు గుట్టల మీదే ఉంటారు గానీ, అచ్చు పుస్తకాల తెలుగులో గుట్టకు మిగిలింది మట్టి గుట్ట, చెత్త గుట్ట. చిన్నమాట అని దాన్ని ఎవరూ పైకి అనరు. ఒక్క హాబ్సన్‌విల్ అంకుల్ మాత్రం నా ముఖం మీదే అన్నారు.

ఆయన ఐటీలో పెద్ద ఉద్యోగం చేసే కోస్తా మనిషి. ఆదివారాలు హాబ్సన్‌విల్ పేటలోని తన ఇంట్లో పిల్లలకు తెలుగు నేర్పేవారు, ఒక్క డాలరు తీసుకునేవారు కాదు. అందుకే మేముండే టకానిని నుంచి మోటర్‌వే మీద అంత దూరం మా పాపను కూర్చోబెట్టుకుని డ్రైవ్ చేసేదాన్ని. పాప ఇక్కడే పుట్టింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెప్పే రకం. ఆ కాస్త తెలుగులో గుట్ట అనే మాట నా నుంచి అంటుకుంది. అది నోట్లోంచి వచ్చినప్పుడల్లా అంకుల్ ‘కొండ’ అని దిద్దేవారు. కోపంగా కాదు, కింద పడ్డ చెంచాను తీసి బల్ల మీద పెట్టినట్టు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించేది.

ఆ ఏడాది తెలుగు క్లాసు వార్షికోత్సవానికి మనురేవాలో హాలు మాట్లాడారు. ముఖ్య అతిథిగా, ఈ దేశపు మూలవాసులైన మావోరీలలో ఆ ప్రాంతపు పెద్దావిడను పిలిచారు. ఆమెకు మర్యాదగా పిల్లలంతా మావోరీ పద్ధతిలో తమను పరిచయం చేసుకోవాలని అంకుల్ అనుకున్నారు. దాన్ని పెపెహా అంటారు, ఇక్కడి బడుల్లో చిన్నప్పుడే నేర్పుతారు. అందులో ఎవరూ మొదటే తమ పేరు చెప్పుకోరు. నా కొండ ఇది, నా నది ఇది, నా వాళ్లు వీళ్లు అని చెప్పాక, చివర్న పేరు. ఎవరి జీతం ఎంతో, ఏ పేటలో ఇల్లు కొన్నారో ముందు తెలుసుకుని తర్వాత నవ్వే మనవాళ్ల మధ్య తిరిగిన నాకు ఆ వరస ఎంతో నచ్చింది.

కొన్నాళ్లకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అంకుల్ నమూనా పంపారు. కొండ హిమాలయ, నది గంగ. పేరు దగ్గర మాత్రం ఖాళీ. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ గ్రూపులో హిమాలయాలను కళ్లతో చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని నాకు అనుమానం. ఆఖరికి అంకుల్ కూడా, తన ఊళ్లో కొండెక్కితే సముద్రం కనిపిస్తుందని మాతో ఎన్నిసార్లు చెప్పారో, ఆ కొండను తీసి పక్కన పెట్టి హిమాలయ రాశారు. నేను నమస్కారం పెట్టలేదు. పాపకు గుట్ట అనే నేర్పించాను.

మా గుట్టకు పేరు లేదు. ఊరికి ఉన్నది ఒకటే గుట్ట, పేరు అవసరం పడలేదు. ‘గుట్టకు పోయిండు’ అంటే ఎక్కడికో అందరికీ తెలుసు. దాని మీద సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు, మేకలు, పైన ఒక బండలో వాన నీళ్లు నిలిచే గుంట. బతుకమ్మకు గునుగు పువ్వు కోసం పోతే మోకాళ్లు గీసుకుపోయేవి. సాయంత్రం గుట్ట నీడ మా వాకిట్లోకి వచ్చాకే అమ్మ పొయ్యి ముట్టించేది. నేను ఇంటర్ చదువుతుండగా క్వారీ వచ్చింది. సైరన్ మోగితే అందరం ఇళ్లలోకి పోవాలి, ఆ తర్వాత పేలుడు. గదంత బండలు లారీల మీద వెళ్లిపోయేవి. నేను న్యూజిలాండ్ వచ్చేనాటికి గుట్ట సగమైంది. మొదటిసారి తిరిగి వెళ్లేసరికి ఆ చోట నీళ్లు నిండిన గొయ్యి ఉంది. ఈ సంగతి పాపకు చెప్పలేదు. నాకు తెలిసిన గుట్టనే ఇవ్వాలనుకున్నాను, గొయ్యిని కాదు.

రిహార్సల్ అంకుల్ ఇంట్లోనే పెట్టారు. కొత్త ఇల్లు, కొత్త వంటగది. ఆంటీ గ్రానైట్ గట్టు మీద పకోడీలు, జ్యూసు సర్దారు. గట్టు ముదురు గోధుమ రంగు, నిండా కాఫీ గింజల్లాంటి మచ్చలు. అంకుల్ దాన్ని అరచేత్తో తట్టి, మన ఇండియా నుంచే వచ్చింది, ఈ రాయికి ఇక్కడ మంచి గిరాకీ అని గర్వంగా చెప్పారు. ఆ రంగు దుమ్ము మా దండెం మీద బట్టల నిండా పడేది. దాన్ని దులిపి దులిపి మా అమ్మ చేతులు నొప్పెట్టేవి.

పిల్లలు వరసగా నిలబడి హిమాలయ, హిమాలయ అన్నారు. మా పాప వంతు వచ్చింది. ‘కో గుట్ట తే మౌంగా’ అంది, అంటే నా కొండ గుట్ట అని. అంకుల్ చెయ్యెత్తి ఆపి నా వైపు తిరిగారు.

“గుట్ట అనేది పేరు కాదు కదమ్మా. కొండకి ఓ పేరుండాలి. పైగా అంత పెద్దావిడ ముందు ఎక్కడిదో ఓ గుట్ట గురించి చెప్తే మనకే చిన్నతనం.”

“మా ఊర్ల గదే పేరు అంకుల్,” అన్నాను. “చిన్నతనం మీకైతే నేనేం చెయ్యాలె.”

ఆయన ముఖం మాడ్చుకున్నారు. ఈలోగా ఒక పెద్ద పిల్ల ఫోన్‌లో మా ఊరి మ్యాపు తెరిచింది. అక్కడ కొండ లేదు, గుట్టా లేదు అని అందరికీ చూపించింది. పిల్లలు నవ్వారు. పాప ఆ ఫోన్ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నాకు ఒళ్లు మండింది, పాప చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను.

తిరుగుదారిలో కారులో అడిగింది, గుట్ట నిజంగా ఉందా అని. ఇక దాచి లాభం లేదు. ఉండేదని, కోసి అమ్మేశారని, ఇప్పుడు గొయ్యి మాత్రమే మిగిలిందని చెప్పాను. అంత పెద్దది ఎక్కడికి పోయింది అంది. ఓడల మీద ఊళ్లూళ్లకు పోయిందని, అంకుల్ వంటగదిలో ఉన్నది అలాంటి రాయేనని చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ ఎప్పటిలా ఇంగ్లిష్‌లోనే అంది.

“మరి లేనిదాన్ని నాది అని ఎట్లా చెప్పాలి మమ్మీ? నేను హిమాలయానే చెప్తా.”

నాకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నువ్వు చెప్పి తీరాలి అని అరవబోయి పెదవి కొరుక్కున్నాను. నా భయం ఒక్కటే. క్వారీవాళ్లు కోసింది రాయిని. ఈ పిల్ల కూడా కాదంటే, నా తర్వాత అది నాది అనే మనిషి ఈ భూమ్మీద ఎవరూ ఉండరు. అప్పుడు గుట్ట నిజంగానే లేనట్టు.

మర్నాడు లాండ్రీలో నా చేతులు మళ్లీ పాత తొందరలో పడ్డాయి. దుప్పటి వెంట దుప్పటి వంకరగా పోయింది. సెన్యోరా యంత్రం ఆపి ఏమైందని అడిగింది. అంతా చెప్పాను. పాప చేత బలవంతంగానైనా చెప్పిస్తానని కూడా అన్నాను.

“నువ్వు నీ చివర గట్టిగా పట్టుకో,” అంది. “ఆ చివర నీ పాపది. నువ్వు ముందే లాగితే ఏమవుతుందో నీకు తెలుసు.”

ఆ మాట నాకు నచ్చలేదు. అయినా విన్నాను. మిగిలిన రోజులు పాపతో పెపెహా ఊసెత్తలేదు. నా చివర మాత్రం వదల్లేదు. తను అడక్కపోయినా రోజూ గుట్ట గురించి ఏదో ఒకటి చెప్పేదాన్ని. పగిలిన సీతాఫలం చీమల కంటే ముందు ఎలా దొరకబుచ్చుకోవాలో చెప్పాను. నన్ను తరిమిన మేకపోతు గురించి చెప్పాను. వినేదో లేదో తెలియదు, టాబ్లెట్‌లోంచి తల ఎత్తేది కాదు.

వార్షికోత్సవం నాడు సెన్యోరాను కూడా పిలిచాను. పువ్వుల గౌను వేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. మావోరీ పెద్దావిడ ముందు వరసలో, ఆమె పక్కన అంకుల్. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి హిమాలయ, గంగ అని చెప్పి వెళ్తున్నారు. మొదటి ముగ్గురికీ పెద్దావిడ మెచ్చుకోలుగా తల ఊపింది. ఆ తర్వాత కళ్లు పెద్దవి చేసింది. కాసేపటికి సంతోషం పట్టలేక అంకుల్ వైపు వంగి, ఈ పిల్లలంతా ఒకే ఇంటి వాళ్లా, ఎంత పెద్ద కుటుంబమో అంది. వాళ్ల పద్ధతిలో కొండ ఒకటైతే రక్తమూ ఒకటే. తెలుగు క్లాసు మొత్తం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అయిపోయింది. అంకుల్ నవ్వబోయి, ఒక రకంగా అంతే అన్నారు. పొద్దున పూట మీ కొండ ఎలా ఉంటుందో చెప్పు అని ఆమె తర్వాతి పిల్లను అడిగింది. ఆ పిల్ల వాళ్లమ్మ కోసం చూసింది. వాళ్లమ్మ తన చెప్పుల వైపు చూసుకుంది.

అప్పుడు మా పాప వచ్చింది. మైకు దగ్గర నిలబడి నా కోసం వెతకలేదు, నేరుగా ఎదుటికి చూసింది. సెన్యోరా నా మణికట్టు పట్టుకుంది.

“కో గుట్ట తే మౌంగా.”

ముందు వరసలోంచి అంకుల్, మరిచిపోయిందనుకున్నారో ఏమో, మెల్లగా ‘హిమాలయ’ అని అందించారు. పాప ఆయన వైపు తిరిగి, ఇంకాస్త గట్టిగా, ప్రతి మాటా విడివిడిగా మళ్లీ అదే చెప్పింది. పెద్దావిడకు అది కొత్తగా వినిపించి ముందుకు జరిగి కూర్చుంది. మీ కొండ ఎలా ఉంటుందని పాపనూ అడిగింది.

పాప ఇంగ్లిష్‌లో చెప్పింది. దాని మీద సీతాఫలాలు ఉండేవని, మా అమ్మను మేక తరిమిందని, ఇప్పుడు దాన్ని కోసి ముక్కలు చేసేశారని. కొంత ఈ అంకుల్ వాళ్ల కిచెన్‌లో ఉందని వేలెత్తి చూపించింది. హాలంతా అంకుల్ వైపు తిరిగింది. నాకు భయం వేయలేదు, సిగ్గూ వేయలేదు. టీవీలో వేసినా బాగుండుననిపించింది.

పెద్దావిడ నవ్వలేదు. ఈ ఊళ్లోనూ కొండల్ని తవ్వి రోడ్లకు పోశారని, కొన్ని ఇప్పుడు చదునైన నేల అని, అయినా వాటి పిల్లలు ఇప్పటికీ వాటి పేరే చెప్పుకుంటారని అంది. తర్వాత అంకుల్ మోకాలు తట్టి, “అయితే ఈ పిల్ల కొండ మీ ఇంట్లో ఉందన్నమాట. జాగ్రత్తగా చూసుకోండి” అంది.

భోజనాల దగ్గర అంకుల్ నన్ను పక్కకు పిలిచారు. ఆయన గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువ ఉంది. షాపులో చూసి కొన్నాం, అది మీ ఊరి రాయో కాదో నీకు మాత్రం ఎలా తెలుసమ్మా అన్నారు. అడగాల్సిన మాటే. నేను రుజువు చేయలేను. ఆ చుట్టుపక్కల గుట్టలన్నిటిదీ అదే రంగు, అన్నిటినీ ఒకే తీరుగా కోశారు.

“నిజమే, నాకు తెల్వదు అంకుల్. రాయి మీరే ఉంచుకోండ్రి,” అన్నాను. “గుట్ట లేదని మాత్రం ఇంకోసారి మా పాపతోని అనొద్దు.”

ఆయన పులిహోర పళ్లెం పట్టుకుని అతిథి దగ్గరికి వెళ్లిపోయారు. ఇక క్లాసుకు రావద్దంటారేమో అనుకున్నాను. అంటే అననీ అని కూడా అనుకున్నాను.

అనలేదు. మరుసటి ఆదివారం ఎప్పటిలా హాబ్సన్‌విల్ వెళ్లాం. పిల్లలు జ్యూసు కోసం వంటగదిలో మూగారు. పాప బూట్లు విప్పి నేరుగా గట్టు దగ్గరికి పోయింది. అది తన భుజం ఎత్తు. రెండు అరచేతులూ ఆ రాతి మీద పరిచి, మ్యాపు చూపించిన పిల్ల వైపు తిరిగింది. ఎప్పుడూ ఇంగ్లిష్‌లో జవాబు చెప్పే నా కూతురు ఆ రోజు తెలుగులో మాట్లాడింది.

“ఇది మా గుట్ట,” అంది.

అంకుల్ అక్కడే ఉన్నారు. ఆయన దిద్దలేదు.